ఎర్ర కారుకు తోలు వాషర్లు

చదువు విషయంలో నా బ్రేకులు శానా గట్టివి. నాలుగో తరగతి దగ్గర ఒకసారి తొక్కితే బండి మళ్లీ ముందుకు కదల్లేదు. మా అయ్యవారు వెనకనుంచి తోసినాడు, మా నాయన ముందునుంచి చెవి పట్టుకొని లాగినాడు, అయినా అంగుళం జరగలేదు. ఆ తర్వాత బతుకంతా మోటారు బండ్లకు బ్రేకులు కట్టే బతికినాను గానీ, అంత బాగా పట్టిన బ్రేకు ఇంకొకటి నా చేతిమీద పడలేదు.

ఈ మాట నేను కనపడిన ప్రతివాడితోనూ చెప్పి నవ్విస్తాంటాను. పోయిన నెల బెంగుళూరునుంచి వచ్చిన పిల్లగాడితో కూడా చెప్పినాను. ముప్పై ఏండ్లు ఉంటాయేమో, కంప్యూటర్ల ఉద్యోగమంట. సెలవు దొరికితే పాత కార్లు విప్పడం, బిగించడం వానికి సరదా అంట. కర్నూలులో మా ఇల్లు యాడుందో నలుగురిని అడుక్కుంటా వచ్చి, గుడ్డలో చుట్టిన ఇనుప ముక్క ఒకటి తీసి అరుగు మీద పెట్టినాడు. ఇంగ్లీషు కారుదంట. ఇద్దరే కూచునే రకం, పైకప్పు లేదు, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైంది. చేతులు మారి మారి తనదాకా వచ్చిందనీ, ఒకప్పుడు కడపలో ఉండేదని కాగితాల్లో చూసి ఆడికి పోయి విచారిస్తే నా పేరు చెప్పినారనీ అన్నాడు. ఆ ఇనుప ముక్క వెనక చక్రం బ్రేకు సిలిండరు. దాంట్లో రబ్బరు ఉండాల్సిన చోట వేరే ఏదో ఉండాదని చెప్పి, చిటికెన వేలితో మెల్లగా బయటికి లాగి నా అరచేతిలో పెట్టినాడు. పాత అర్ధరూపాయి బిళ్లంత చిన్న గిన్నె. నల్లగా, గట్టిగా, అంచు మాత్రం పల్చగా. తోలు.

బ్రేకులో తోలు పెట్టిన మహానుభావుడు ఎవరు సార్ అని నవ్వినాడు. ఆ మహానుభావుడు నీ ఎదురుగానే కూచోనుండాడు నాయనా, నాలుగో తరగతి దాకా చదివినాడు అన్నాను. వాడు ఇంకా నవ్వినాడు. నేనూ నవ్వుతా నవ్వుతా ఆ తోలును ముక్కు దగ్గరికి పెట్టుకున్నాను. ఇన్నేండ్లయినా ఆముదం వాసన పోలేదు. ఆ వాసనతోపాటు నా నవ్వు ఆగిపోయింది. ఏమైంది సార్ అని వాడు అడిగితే, ఏమీ లేదు, బ్రేకు పడింది అన్నాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేండ్లు. కడపలో రాయచోటికి పోయే రోడ్డు మొదట్లో మా ఉస్తాదు రేకుల షెడ్డు ఉండేది. ఉస్తాదు యుద్ధంలో మిలిటరీ వర్క్‌షాపులో పనిచేసి వచ్చినాయన. ఎడారిలో లారీలు బాగుచేసినాడంట. ఆ ఎడారి ఎట్లుంటాది ఉస్తాద్ అని మేము అడిగితే, మన కడప ఎండాకాలం చూసినాక అది శానా చల్లగా ఉండేదనిపిస్తాంది అనేవాడు. ఆయనకు కోపం తక్కువ, మాట ఇంకా తక్కువ. ఆ తక్కువపడిన మాటలన్నీ షెడ్డులో నేనే మాట్లాడేవాణ్ణి. నవ్వులాటలాడేవాణ్ణని నన్ను మస్కిరిగాడు అని పిలిచేవాడు. నేను నవ్వించినప్పుడు ఆయన నవ్వేది లేదు. పానా పక్కన పెట్టి, ఒక నిమిషం నన్ను చూసి, మళ్లీ పానా తీసుకునేవాడు. అదే ఆయన నవ్వు. షెడ్డు వెనకాలే వాళ్ల ఇల్లు. ఆయన భార్యను మేమందరం ఆపా, అంటే అక్క, అనేవాళ్లం. మధ్యాహ్నం మా అందరి సంగటి గిన్నెలు ఆమె పొయ్యి మీదనే వేడి అయ్యేవి.

మా షెడ్డుకు ఒక ఆచారం ఉండేది. ఏ బండికి బ్రేకులు కట్టినా, దాన్ని సొంతదారుకు అప్పగించే ముందు ఉస్తాదు గువ్వలచెరువు కొండ ఘాటు రోడ్డు ఎక్కించి దింపేవాడు. ఆయన ఒక్కడే పోయేవాడు కాదు. ఆ బ్రేకు ఎవరి చేత్తో కట్టినారో వాడు పక్క సీట్లో కూచోవాల. ఘాటు పైకి ఎక్కినాక ఉస్తాదు ఇంజను ఆపకుండా, పెడలు మీద కాలు తీయకుండా కూచుంటాడు. పక్కవాడు దిగి, బండి చుట్టూ తిరిగి, నాలుగు చక్రాల దగ్గరా వంగి బ్రేకు డ్రమ్మును అరచేత్తో తాకి చూడాల. చల్లగా ఉంటే దిగొచ్చు. కాలుతా ఉంటే లోపల బ్రేకు వదలకుండా పట్టుకోనుందని లెక్క. అట్లయితే ఆడనే ఆపి, చల్లారినాక విప్పి చూసుకోవాల. మన చేతి పని మీద ముందు మన ప్రాణం పెట్టి చూసుకుంటే తప్ప ఇంకొకరి ప్రాణం పెట్టమని అడగకూడదు అనేది ఆయన పట్టుదల. కడపలో వేరే షెడ్లు ఉండినా బస్సుల సొంతదారులు మా దగ్గరికే వచ్చేది ఈ ఒక్క ఆచారం వల్లనే.

ఎర్ర కారు మా దగ్గరికి వచ్చింది కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజుల్లో. గనుల్లో పనిచేసే తెల్లదొర ఒకాయన దేశానికి తిరిగిపోతా దాన్ని కడప వకీలు ఒకాయనకు ఇచ్చి పోయినాడు. వకీలాయనకు కర్నూలులో పని ఉన్నా లేకున్నా ఆ కారులో కర్నూలు పోయి, కొత్త సర్కారు ఆఫీసులు నడిచే డేరాల మధ్య దిగి, పెద్ద పెద్దోళ్లు చూస్తాండగా చేతి తొడుగులు విప్పాలని కోరిక. కారు మాత్రం ఆగేది కాదు. పెడలు తొక్కితే దూదిలో కాలు పెట్టినట్లు కిందికి పోయేది. విప్పి చూస్తే ఇనుమంతా బాగానే ఉంది, సిలిండర్లలో ఉండే రబ్బరు వాషర్లు మాత్రం ఎండిపోయి ముక్కలైనాయి. చిన్న గిన్నెల్లాంటి ఆ వాషర్లే బ్రేకు నూనెను వెనక్కి కారకుండా పట్టుకొనేది. నాలుగు చక్రాలకూ కలిపి ఎనిమిది, పెడలు దగ్గరుండే పెద్ద సిలిండరుకు రెండు, మొత్తం పది. ఆ పది కోసం మేము పడిన పాట్లు చెప్తే వినేవాడికే అలుపొస్తుంది. మద్రాసుకు ఉత్తరం రాయిస్తే ఇంగ్లీషులో జవాబు వచ్చింది. దాన్ని చదివించుకునేదానికి నేను పోస్టాఫీసుకు పోతే, పోస్టుమాస్టరు రెండుసార్లు చదివి, వాళ్లు శానా మర్యాదగా లేవంటాండారప్పా అన్నాడు. ఆ రకం కార్లు చేయడమే మానుకున్నారంట. గుంతకల్లు రైల్వే షెడ్డులో అడిగినాము, బళ్లారిలో పాతసామాన్ల అంగళ్లు తిరిగినాము, కోలారు దాకా మనిషిని పంపించినాము. లారీ వాషర్లు పెద్దవి, సైకిలు వాషర్లు చిన్నవి. వకీలాయన వారానికొకసారి వచ్చి, కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, నిట్టూర్చి పోయేవాడు.

ఐదు నెలలకు, ఉస్తాదుతో మిలిటరీలో పనిచేసిన స్నేహితుడొకాయన బెంగుళూరునుంచి ఒక రేకు డబ్బా పంపించినాడు. బస్సు డ్రైవరు చేత్తో వచ్చింది. మూత తీస్తే పది వాషర్లు, ఆముదంలో ముంచి పెట్టినవి. ఉస్తాదు ఒక్కొక్కటే వేలి కొన మీద పెట్టుకొని వెలుతురుకు పట్టి చూసినాడు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు. ఆ రోజు శుక్రవారం. నేను నమాజుకు పోయొస్తా, వీటిని ముట్టుకోవద్దు అని చెప్పి పోయినాడు.

నేను ముట్టుకున్నాను. ఆయన వచ్చేలోపల పని పూర్తిచేసి నోరెళ్లబెట్టించాలని నా ఆత్రం. మా షెడ్డులో ఏ సామాను విప్పినా బిగించినా ముందు కిరసనాయిలులో కడిగేది అలవాటు. బేరింగులు, బోల్టులు, చైన్లు, కడాకు అన్నం తినేముందు మా చేతులు కూడా. జిగటగా, కంపు కొడుతున్న ఆ వాషర్లను నేను బంగారు నగలు కడిగినట్లు కిరసనాయిలులో కడిగినాను. పైపుల్లో కూడా కిరసనాయిలు పోసి ఊది శుభ్రం చేసినాను. పదీ బిగించి, ఉస్తాదు కలిపిపెట్టిన బ్రేకు నూనె పోసి, మూతలు వేసి, చేతులు తుడుచుకుంటా నిలబడినాను. ఆ నూనె అంటే ఆముదంలో స్పిరిటు. మా జిల్లాలో కల్లూ సారాయీ బందయి శానా కాలమైంది కాబట్టి, స్పిరిటును మిషనరీ ఆసుపత్రి కాంపౌండరును బతిమాలి తెచ్చుకునేది. జిల్లా అంతటికీ చట్టప్రకారం తాగేది ఈ కారు ఒక్కటే అని నేను అందరికీ చెప్పేవాణ్ణి.

ఉస్తాదు వచ్చి చూసినాడు. పైపుల్లో ఏమి పోసినావు అని అడిగినాడు. మీరు కలిపిందే అన్నాను. అది అబద్ధం కాదు, సగం నిజం. ఆయన పెడలు తొక్కి చూసినాడు. రాయిలాగా నిలబడింది. పానా పక్కన పెట్టి నన్ను ఒక నిమిషం చూసినాడు. తర్వాత, "నువ్వు కట్టినావు, సోమవారం నువ్వే పక్కన కూచో" అన్నాడు.

సోమవారం సినిమాహాలులో బొమ్మ మారింది. అందులో హాస్యగాని వేషం శానా బాగుండాదని ఊరంతా చెప్పుకుంటాంది. మ్యాట్నీకి పోకపోతే నాకు తెల్లారదు. పొద్దున్నే షెడ్డులో పొట్ట పట్టుకొని వంగిపోయినాను. నేను మంచి నటుణ్ణే. ఆపా పరిగెత్తుకొచ్చి, వాము కాచి ఆ నీళ్లు తాగించి, చాప మీద పడుకోబెట్టింది. ఉస్తాదు గుమ్మంలో నిలబడి చూసినాడు. ఇంకో రోజు పోదామని ఆపా అంటే, వకీలాయన రేపు పొద్దున కారు కావాలన్నాడు, నేనొక్కడినే పోయొస్తా అన్నాడు. కారు శబ్దం మలుపు తిరిగేదాకా పడుకొని, ఇంకొంచెంసేపు మూలిగి, తర్వాత నొప్పి కొంచెం సర్దుకుంది, ఇంటికి పోయి పడుకుంటానని చెప్పి హాలుకు పోయినాను.

ఇంక జరిగిందంతా నేను తర్వాత విన్నది. కిరసనాయిలు తాగిన రబ్బరు మూడు రోజులు నాని ఉబ్బింది. ఉబ్బిన వాషర్లు బ్రేకులను వెనక్కి రానీయలేదు. ఘాటు ఎక్కుతాంటే బండి బరువుగా ఈడ్చింటాది, ఎక్కుడు కాబట్టి ఆయన అనుమానపడలేదు. పైన నేనుండింటే దిగి డ్రమ్ములు తాకి చూసుండేవాణ్ణి. ఆ కారు హ్యాండిలు తిప్పితే తప్ప స్టార్టు కాదు, ఆ వాలులో చేతి బ్రేకును నమ్ముకొని ఆయన ఒక్కడే ఇంజను నడుస్తాండగా పెడలు వదిలి దిగలేడు. పైన తిప్పుకొని అట్లే కిందికి వచ్చినాడు. రాపిడికి డ్రమ్ములు కాలి, నూనెలో స్పిరిటు ఆవిరై, ఉబ్బిన వాషర్లు చీలిపోయినాయి. మూడో మలుపులో పెడలు నేలకు తగిలింది. చేతి బ్రేకు లాగినాడంట, అప్పటికే కాలిన బ్రేకు లైనింగు పట్టీలు పట్టలేదంట. కింద నుంచి శెనక్కాయల బండ్లు వరసగా ఎక్కుతా ఉన్నాయి. ఒక పక్క లోయ, ఒక పక్క కొండ. ఆయన బండ్లను తప్పించి కారును కొండకు కొట్టించినాడు. బండ్లోళ్లు వచ్చి చూస్తే ఆయన కుడికాలు ఇనుములో ఇరుక్కొని, ఇంకా ఆ పెడలునే తొక్కుతా ఉండాదంట. అది నాతో చెప్పిన బండాయన ఆ మాట మూడుసార్లు చెప్పినాడు.

ఆ పొద్దు నేను హాలునుంచి బయటికి వచ్చేసరికి నా నోట్లో ఇంకా నవ్వు మిగిలే ఉంది. బస్టాండు దగ్గర టీ అంగడిలో ఎవరో చెప్తే ఆసుపత్రికి పరిగెత్తినాను. వరండాలో ఆపా గోడకు ఆనుకొని కూచోనుంది. నన్ను చూసి లేచింది. ఏడ్చి ఏడ్చి కండ్లు ఉబ్బిపోయినాయి. ఆమె నన్ను అడిగిన మొదటి మాట ఇది:

"నీకెట్లుందప్పా ఇప్పుడు, కడుపునొప్పి?"

తగ్గిందాపా అన్నాను.

మోకాలి కిందనుంచి ఉస్తాదు కుడికాలు తీసేసినారు. నాలుగైదు రోజులకు ఆయనకు మాట వచ్చింది. నన్ను పిలిచి, విరిగిన సిలిండరులోనుంచి ఒక వాషరు తెమ్మన్నాడు. తెచ్చినాను. నానబెట్టిన శనగగింజ మాదిరి ఉబ్బి, అంచు చీలిపోయి ఉంది. దాన్ని వేలి కొన మీద పెట్టుకొని వెలుతురుకు చూసినాడు. తర్వాత వాసన చూసినాడు. తర్వాత నన్ను చూసినాడు. నేను మంచం కోడు చూస్తా నిలబడినాను. ఆయన ఆ వాషరును దిండు కింద పెట్టుకొని, కండ్లు మూసుకున్నాడు. ఆ సాయంత్రమే వకీలాయన వచ్చినాడు. మంచం దగ్గర నిలబడి, కారు ఏమైందో చూసినావా అని అడిగినాడు. కాలు ఏమైందని అడగలేదు. ఉస్తాదు ఒకటే మాట చెప్పినాడు: "తప్పు నాదే సార్. రబ్బరు చూసుకోకుండా దిగినా." నేను ఆ గదిలోనే ఉన్నాను. నా చేతిలో నీళ్ల చెంబు ఉంది. నోరు ఖాళీగానే ఉంది. లోకంలో ఎవరికీ అవసరం లేని మాటలు అన్ని మాట్లాడినోణ్ణి, ఆ ఒక్క మాట మాట్లాడలేకపోయినాను.

వకీలాయన కోర్టులో, క్లబ్బులో, బజారులో అంతా చెప్పినాడు. ఉస్తాదు చేతికి తుప్పు పట్టిందన్నాడు. తన బ్రేకుతో తనే కొండకు గుద్దుకున్నోడి దగ్గరికి బస్సు ఎవరు తెస్తారు? రెండు నెలల్లో షెడ్డు ఖాళీ అయిపోయింది. పనివాళ్లు ఒక్కొక్కరే వేరే షెడ్లకు పోయినారు. నేను పోలేదు. పోకపోవడం నా మంచితనం అని ఆపా అందరికీ చెప్పుకునేది. ఆమె అట్లా చెప్పినప్పుడల్లా నేను లేచి బావి దగ్గరికి పోయి కడిగిన ముఖమే కడుక్కునేవాణ్ణి.

చంకకర్ర మీద ఇంటికి వచ్చిన రోజు ఉస్తాదు షెడ్డు మధ్యలో నిలబడి చుట్టూ చూసినాడు. కారును తెప్పించు అన్నాడు. ఈ షెడ్డులో కట్టిన బ్రేకుతో ఆ కారు మళ్లీ ఘాటు దిగితే తప్ప ఈ షెడ్డుకు ఇంక బండి రాదు అన్నాడు. ఎవరు కట్టాలని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. వకీలాయనకు ఎట్లయినా కారు ఇనుప తుక్కుగానే మిగిలింది కాబట్టి ఒప్పుకున్నాడు. కమ్మరి కొలిమిలో ముందు ఇరుసు సరిచేయించినాము, చక్రాల తీగలు మార్చినాము. వాషర్లు మాత్రం లేవు. బెంగుళూరు స్నేహితుడు ఆ డబ్బానే ఆఖరుదని రాసినాడు.

ఒకరోజు సైకిలుకు గాలి కొడుతుంటే పంపు పట్టలేదు. విప్పి చూస్తే లోపల చిన్న తోలు గిన్నె ఎండిపోయి ఉంది. ఒక చుక్క నూనె వేసి బిగించినాను, పంపు పట్టింది. నేను ఆ తోలును చూస్తా ఎంతసేపు కూచున్నానో తెలీదు. ఉస్తాదుకు చెప్తే, ఎడారిలో రబ్బరు దొరకనప్పుడు మేమూ కోసుకున్నాము, అయితే మంచి తోలు కావాల, మంచి చెయ్యి కావాల అన్నాడు.

ఆ మంచి చెయ్యి రోడ్డుకు అవతల పల్లెలో ఉంది. బావులనుంచి ఎద్దులతో నీళ్లు తోడే కపిల తోలు బానలు కుట్టే పెద్దాయన. వాళ్ల పల్లె చర్చిలో ఆయన పెద్ద కూడా. నేను పోయేసరికి తంగేడు చెక్క నానిన తొట్టి దగ్గర కూచోని తోలు తిప్పుతాండాడు. పాత వాషరు చూపించి ఇట్లాంటివి పది కావాలన్నాను. ఇంత చిన్న గిన్నెలు దేనికప్పా, పిల్లోళ్ల ఆటకా అన్నాడు. కారును ఆపేదానికి అన్నాను. నమ్మలేదు. కాలు నూనెను తోస్తాది, నూనె ఈ గిన్నెను తోస్తాది, గిన్నె బ్రేకును తోస్తాది అని మట్టిలో గీసి చూపించినాను. శానాసేపు ఆ గీతలు చూసినాడు.

"దాంట్లో ఎవురు కూచుంటారు?" అన్నాడు.

"నేనే, పెద్దాయనా."

"నువ్వే కూచునేటట్లయితే చేస్తా."

మూడు వారాలు చేసినాడు. ఎద్దు తోలులో వెన్ను పక్క భాగం తప్ప ఇంకేదీ పనికిరాదన్నాడు. వడ్రంగితో తుమ్మకొయ్య అచ్చు చేయించి ఇచ్చినాను. తడి తోలును ఆ అచ్చులో పెట్టి బరువు మోపి, నీడన ఆరబెట్టి, అంచును గాజుపెంకుతో గీకి గీకి పల్చన చేసి, తర్వాత ఆముదంలో ముంచి వారం దినాలు పెట్టినాడు. ఆదివారం వస్తే మాత్రం ముట్టుకునేవాడు కాదు. నేను తొందరపెడితే, తొందరగా కావాలంటే ఇంకో తోలు పని వానిని చూసుకో అనేవాడు. పద్దెనిమిది గిన్నెలు చేసి, వేలితో ఒత్తి చూసి, నచ్చని ఎనిమిదింటిని నా కండ్ల ముందే కత్తితో రెండుగా కోసినాడు. మిగిలిన పది ఆకులో చుట్టి ఇస్తా, "కిరసనాయిలు మాత్రం తగలనీయొద్దప్పా. తోలుకైనా రబ్బరుకైనా అది విషం. ఎవుడో ఒక తెలివైనోడు కడిగి పెడతాడు" అన్నాడు. ఆ తెలివైనోడు నేనే అని మాట నాలుక చివరిదాకా వచ్చింది. నా బతుకులో నేను మింగిన ఒకే ఒక జోకు అది.

ఆముదంతో కడిగి, ఆముదంతో బిగించినాను. ఉస్తాదు ముక్కాలిపీట మీద కూచోని ప్రతి మరనూ చూసినాడు. వారం రోజులు కారును షెడ్డులోనే పెట్టి పొద్దునా సాయంత్రం పెడలు తొక్కించినాడు. తర్వాత ఒకరోజు పొద్దున ఆపాను చంకకర్ర తెమ్మని, పక్క సీట్లో ఎక్కి కూచున్నాడు. నేను స్టీరింగు దగ్గర. ఆపా గుమ్మంలో నిలబడింది. మొగుడినీ చూసింది, నన్నూ చూసింది, కొంగు నోట్లో పెట్టుకొని లోపలికి పోయింది.

ఘాటు పైన తిప్పి ఆపినాను. ఇంజను కొట్టుకుంటాంది. పెడలు మీద నా కుడికాలు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించి, ఉస్తాద్, మీకొక మాట చెప్పాల అన్నాను. ఆయన చెయ్యి ఎత్తినాడు. దిగేటప్పుడు మాటలొద్దు అన్నాడు. తర్వాత తలుపు తీసి, చంకకర్ర నేలకు ఆనించి, దిగినాడు. మీరొద్దు ఉస్తాద్, నేను చూస్తానంటే, బ్రేకు మీద కాలు తీయొద్దు అన్నాడు.

ఒంటికాలితో, కర్ర మీద, ఆ రాళ్ల రోడ్డులో కారు చుట్టూ తిరిగినాడు. ఒక్కొక్క చక్రం దగ్గర కర్ర మీద బరువు వేసి వంగి, తీగల సందులోనుంచి చెయ్యి పెట్టి డ్రమ్ము మీద అరచెయ్యి ఆనించినాడు. ముందు కుడి. ముందు ఎడమ. వెనక ఎడమ దగ్గర కర్ర జారింది, చక్రం పట్టుకొని నిలబడినాడు. నేను దిగి పట్టుకోలేను, కాలు తీయకూడదు. అద్దంలో చూస్తా కూచున్నాను. నేను ఆ పొద్దు చేయాల్సిన పని ఆయన ఈ పొద్దు చేస్తా ఉంటే, కూచోని చూడడమే నాకు పడిన శిక్ష. నాలుగో చక్రం దగ్గర శానాసేపు ఉన్నాడు. నేను పెడలును ఇంకా గట్టిగా తొక్కిపెట్టినాను. తిరిగొచ్చి, కర్రను లోపల పెట్టి, ఎక్కి కూచోని, "చల్లగా ఉండాయి. పద" అన్నాడు.

మూడో మలుపులో కొండ రాయి మీద ఎర్ర రంగు గీత ఇంకా ఉంది. ఆడ ఆపమన్నాడు. తొక్కినాను. పది తోలు గిన్నెలు పట్టుకున్నాయి. కారు ఊపిరి బిగబట్టినట్లు ఆగింది. ఆయన ఆ ఎర్ర గీతను చూసినాడు, తర్వాత తన కాలు లేని చోట చూసుకున్నాడు. పద అన్నాడు. కిందికి దిగినాక నేనేదో ఒక నవ్వులాట మాట అని ఆ బరువు దించాలనుకున్నాను. దానికి బదులు దిగి, ఆయనకు చంకకర్ర అందించినాను.

వకీలాయన ఆ కారులోనే కర్నూలు పోయి వచ్చినాడు. కర్నూలులో ఎవరైనా చూసినారో లేదో గానీ, కడపలో మాత్రం బస్సులు మెల్లగా మా షెడ్డుకు తిరిగి వచ్చినాయి. ఉస్తాదు పేరు నిలబడింది. అయితే మొదటి బ్రేకు ఎందుకు పోయిందనేది మాత్రం ఊరివాళ్ల లెక్కలో ఆయన తప్పుగానే మిగిలింది. ఆయన మళ్లీ ఎప్పుడూ బండి నడపలేదు. ఘాటు ఎక్కిన ప్రతి బండిలోనూ పక్క సీట్లో కూచున్నాడు, పైన దిగి చక్రాలు తాకినాడు. కొన్నేండ్లకు నేను కర్నూలు వచ్చి నా షెడ్డు పెట్టుకున్నాను. ఏడాదికొకసారి పోయి చూసి వచ్చేవాణ్ణి. ఆపా ప్రతిసారీ సంగటి పెట్టేది. నేను ప్రతిసారీ నవ్వించేవాణ్ణి.

బెంగుళూరు పిల్లగాడు ఆ తోలు గిన్నెను నాకే వదిలిపెట్టి పోయినాడు. కొత్త రబ్బర్లు ఇంగ్లండునుంచి వారం రోజుల్లో వస్తాయంట, ఫోనులో చూపించినాడు. పోయేటప్పుడు వానికి ఒకటే చెప్పినాను, కిరసనాయిలుతో కడగొద్దు నాయనా అని. అట్లా ఎవరైనా కడుగుతారా సార్ అని నవ్వి పోయినాడు. ఆ గిన్నె ఇప్పుడు ఈ కాగితం మీద, నా చేతి పక్కనే ఉంది.

రబ్బరు ఉబ్బి చీలేదానికి మూడు దినాలు చాలింది. నా నోట్లో మాట బయటికి వచ్చేదానికి ఇరవై రెండేండ్లు పట్టింది. ఉస్తాదు అప్పటికి మంచం పట్టినాడు. మధ్యాహ్నం ఎండలో ఇద్దరమే ఉన్నాము, ఆపా పక్కింటికి పోయింది. కిరసనాయిలు సంగతి చెప్పినాను. ఆ సంగతి ఆసుపత్రిలోనే తెలుసన్నట్లు చెయ్యి ఊపినాడు. రెండోది చెప్పే ముందు ఆయన దుప్పటి సర్దినాను. కడాకు చెప్పినాను, ఉస్తాద్, ఆ పొద్దు నాకు కడుపునొప్పి లేదు, నేను మ్యాట్నీకి పోయినా అని. ఆయన నన్ను ఒక నిమిషం చూసినాడు, పానా పక్కన పెట్టి చూసేవాడే, అట్లా.

"ఆ పొద్దు లేదులే," అన్నాడు. "ఆ పొద్దునుంచి ఈ పొద్దుదాకా యా పొద్దు ఆ నొప్పి తగ్గిందో చెప్పు."